చేతి జీపీఎస్‌లో ప్రాక్సిమిటీ అలారం: అమీన్‌పూర్ చెరువు చుట్టూ 16 పాయింట్లకు పెట్టడం ఎలా?

గట్టుకొంగ:

హైదరాబాద్ దగ్గరి అమీన్‌పూర్ పెద్దచెరువు చుట్టూ, పక్కనున్న రాళ్ల మీదా కలిపి పక్షుల లెక్కకు 16 పాయింట్లు ఖరారయ్యాయి. పాయింటుకీ పాయింటుకీ మధ్య 180 నుంచి 220 మీటర్ల దూరం. ఒక్కో చోట 10 నిమిషాలు నిలబడి లెక్క రాసుకుని తర్వాతి దానికి నడవాలి. కళ్లు బైనాక్యులర్స్‌లో ఉంటాయి, చేతిలో నోట్‌బుక్ ఉంటుంది, తెర చూసుకుంటూ నడవడం కుదరదు. పాయింటు దగ్గరపడగానే జీపీఎస్సే బీప్ కొట్టాలి.

చేతిలో ఉన్నవి: గార్మిన్ ఈట్రెక్స్ 32ఎక్స్ రెండు, జీపీఎస్‌మ్యాప్ 60సీఎస్‌ఎక్స్ ఒకటి. పాయింట్లన్నీ ఎక్సెల్‌లో డెసిమల్ డిగ్రీల్లో ఉన్నాయి.

అలారం ఏ మెనూలో ఉంటుంది? పాయింటుకు ఎంత దూరంలో మోగాలో, ఆ వ్యాసార్థం ఎంత పెట్టాలి? 16 పాయింట్లూ చేత్తో కొట్టకుండా ఎక్కించొచ్చా? ఇంకొకటి, చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే గీత) దాటితే మోగేలా కూడా పెట్టొచ్చా అని గ్రూపులో ఒకరు అడుగుతున్నారు.

గుట్టలదారి:

32ఎక్స్‌ది తేలిక. మెయిన్ మెనూలో 'ప్రాక్సిమిటీ అలారమ్స్' తెరవండి, 'క్రియేట్ అలారం' నొక్కండి. ఏ రకం చోటో అడుగుతుంది. 'వేపాయింట్స్' (మెషీన్‌లో సేవ్ చేసుకున్న చోట్లు) ఎంచుకుని, జాబితాలోంచి మీ పాయింటు తీసుకుని, 'యూజ్' నొక్కితే వ్యాసార్థం అడుగుతుంది. అంకె కొట్టి 'డన్' అంటే అయిపోయింది. మెనూలో ఐకాన్ల వరుస ఎవరికి నచ్చినట్టు వాళ్లు మార్చుకోవచ్చు కాబట్టి, రెండు మెషీన్లలోనూ అది ఒకే చోట ఉండకపోవచ్చు. కిందిదాకా వెతకండి.

అలారం పెట్టే ముందు సెటప్‌లో నాలుగు చోట్ల చూసుకోవాలి. 'మోగలేదు' అనే ఫిర్యాదుల్లో సగం ఇక్కడే తేలిపోతాయి.

'టోన్స్'లో ప్రాక్సిమిటీ అలారానికి విడిగా టోన్ ఉంటుంది. బటన్ నొక్కినప్పుడల్లా వచ్చే కిచకిచ పడక ఎవరో టోన్లన్నీ ఆపేసి ఉంటారు, దాంతోపాటు ఇదీ ఆగిపోతుంది. బటన్ బీప్ ఒక్కటే ఆపి, అలారానికి మిగతావాటితో కలవని టోన్ పెట్టండి.

'యూనిట్స్'లో దూరం మెట్రిక్‌లో ఉండాలి. అడుగుల్లో ఉంటే మీరు 100 అని కొట్టింది 30 మీటర్లే అవుతుంది. వ్యాసార్థం కొట్టేటప్పుడు అంకె పక్కన ఏ యూనిట్ ఉందో చూడండి.

'పొజిషన్ ఫార్మాట్'లో డెసిమల్ డిగ్రీలు, మ్యాప్ డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు కొలిచే ఆధారం) డబ్ల్యూజీఎస్ 84 ఉండాలి. మీ ఎక్సెల్ డెసిమల్ డిగ్రీల్లో ఉందన్నారు కాబట్టి ఇది మరీ ముఖ్యం.

'సిస్టమ్'లో శాటిలైట్ సిస్టమ్ జీపీఎస్ ప్లస్ గ్లోనాస్‌లో ఉండాలి. ఇంట్లో నేర్చుకోవడానికి డెమో మోడ్ పెట్టి మరిచిపోతే చెరువు దగ్గర అది మీతో నడవదు. అక్కడే వాస్/ఈగ్నాస్ అనే ఆప్షన్ కూడా ఆన్ చేయండి, జీపీఎస్ తప్పును శాటిలైట్ ద్వారా దిద్దే ఏర్పాటు అది. పేర్లు అమెరికా, యూరప్‌లవే అయినా మన గగన్ పనిచేసేదీ ఆ పద్ధతిలోనే. శాటిలైట్ పేజీలో బార్ల మీద 'డీ' అక్షరం వస్తే దిద్దుబాటు అందుతున్నట్టు లెక్క.

చివరగా ఒక మాట. ఈట్రెక్స్‌కు వైబ్రేషన్ లేదు, ఇయర్‌ఫోన్ పెట్టుకునే చోటూ లేదు, బీప్ కూడా చిన్నదే. బ్యాగులో పెడితే గట్టు మీద గాలికి వినపడదు. భుజం పట్టీకి క్లిప్పుతో తగిలించండి. ఆకాశం కనపడుతుంది, చెవికీ దగ్గరగా ఉంటుంది.

లెక్కలపంతులు:

వ్యాసార్థం సంగతి నేను చెప్తాను. చాలామంది ఇక్కడ గుండ్రటి అంకె చూసి 100 పెట్టేస్తారు. మీకు అది సరిపడదు. దగ్గరి పాయింట్ల మధ్య దూరం 180 మీటర్లు కాబట్టి 90 దాటితే వలయాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. 4వ పాయింటు వలయం దాటకముందే 5వది మోగుతుంది.

అలాగని 5, 10 మీటర్లు పెట్టకండి. పైన ఏమీ అడ్డం లేని చోట ఈ మెషీన్ల తప్పు 5 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. పెద్ద బండరాయి పక్కనో, దట్టమైన చెట్ల కిందో 10, 15కి పోతుంది, ఎందుకంటే సిగ్నల్ రాతికి తగిలి తిరిగొచ్చి దూరం ఎక్కువ చూపిస్తుంది. వలయం కంటే తప్పు పెద్దదైతే, మీరు సరిగ్గా పాయింటు మీదే నిలబడ్డా మెషీన్ లెక్కలో మీరు బయటే ఉంటారు. తెర మీద 'ఆక్యురసీ 3 మీ.' అని వచ్చినా అది అంచనా మాత్రమే, అంతకు మించి తప్పదన్న హామీ కాదు.

నేను వాడే లెక్క ఇది: సెకనుకు ఎన్ని మీటర్లు కదులుతారో దాన్ని, ఎన్ని సెకన్లు ముందుగా తెలియాలో దానితో హెచ్చించి, 15 మీటర్లు కలపాలి.

పక్షుల కోసం మెల్లగా నడిస్తే గంటకు 4 కి.మీ., అంటే సెకనుకు 1.1 మీటర్లు. 15 సెకన్లు ముందు తెలిస్తే చాలనుకుంటే 17కి 15 కలిపి 32. గట్టు మీది పాయింట్లకు 30, రాళ్ల మధ్యవాటికి 40 పెట్టండి. సైకిల్ మీద గంటకు 20 కి.మీ. అయితే సెకనుకు 5.6 మీటర్లు. 20 సెకన్ల ముందు కావాలంటే 125 దాకా పోవాలి. ఔటర్ మీద కారులో 100తో పోతూ ఎగ్జిట్ ముందు మోగాలంటే సెకనుకు 27.8 మీటర్లు, 30 సెకన్లకే 830 మీటర్లు దాటుతుంది. అక్కడ 1 కి.మీ. పెట్టినా ఎక్కువేం కాదు.

వాహనాల్లో పోయేవాళ్లు ఇంకొకటి మరిచిపోతారు. దారి పాయింటు మధ్యలోంచి పోకపోతే వలయాన్ని అంచున కోసుకుంటూ పోతుంది. 100 మీటర్ల వలయంలో పాయింటుకు 80 మీటర్ల పక్కనుంచి పోతే లోపల నడిచేది 120 మీటర్లే. గంటకు 40తో అది 11 సెకన్లు. నడకలో మీకు ఈ బెంగ లేదు.

ఈ దూరం కాకి ఎగిరే దూరం. మధ్యలో నీళ్లున్నా, కంచె ఉన్నా దానికి పట్టదు. చెరువు మెలిక తిరిగిన చోట అవతలి ఒడ్డు పాయింటు ఇవతలికే మోగొచ్చు. ఎత్తునూ లెక్కలోకి తీసుకోదు కాబట్టి గుట్ట మీది పాయింటుకు కింద నడుస్తున్నా కూస్తుంది. అలాంటి రెండు మూడు పాయింట్లకు మాత్రం వ్యాసార్థం 20కి తగ్గించండి.

బీప్ రాగానే అక్కడే ఆగిపోకండి. అది 'దగ్గరికొచ్చారు' అని చెప్పడమే. చివరి 30 మీటర్లకు కంపాస్ పేజీ చూసుకుని దూరం ఒక్క అంకెలోకి వచ్చేదాకా నడవాలి. 32ఎక్స్ కంపాస్‌ను బ్యాటరీలు మార్చిన ప్రతిసారీ కాలిబ్రేట్ చేయాలి, లేకపోతే బాణం ఎటో చూపిస్తుంది.

కామాపురుగు:

ఎక్సెల్ నుంచి ఎక్కించడానికి రెండు దారులు. మొదటిది బేస్‌క్యాంప్ (గార్మిన్ వాళ్ల కంప్యూటర్ ప్రోగ్రామ్) ద్వారా వేపాయింట్లుగా, రెండోది పీఓఐ లోడర్ ద్వారా కస్టమ్ పీఓఐలుగా (మ్యాపులో మనం చేర్చుకునే చోట్లు). 16 పాయింట్లకు మొదటిదే మేలు. ఫీల్డ్‌లో ఏదైనా పాయింటు కాస్త జరపాలంటే వేపాయింటును మెషీన్‌లోనే దిద్దుకోవచ్చు, పీఓఐని అలా దిద్దలేరు.

వేపాయింటు దారి: ఎక్సెల్‌ను సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలుండే ఫైలు) సేవ్ చేసి, జీపీఎస్‌బేబెల్ అనే ప్రోగ్రామ్‌తో జీపీఎక్స్‌గా (జీపీఎస్ పాయింట్ల ఫైలు) మార్చి, బేస్‌క్యాంప్‌లో తెరవండి. పాయింటు మీద రెండుసార్లు నొక్కితే వచ్చే ప్రాపర్టీస్‌లో 'ప్రాక్సిమిటీ' అనే గడి ఉంటుంది, వ్యాసార్థం అక్కడ రాయాలి. తర్వాత మెషీన్‌కు పంపండి. 32ఎక్స్ అయితే యూఎస్‌బీ డ్రైవ్‌లా తెరుచుకుంటుంది కాబట్టి జీపీఎక్స్ ఫైలును గార్మిన్ ఫోల్డర్లోని జీపీఎక్స్ ఫోల్డర్లో నేరుగా కాపీ చేసినా చాలు. ఎక్కించాక ప్రాక్సిమిటీ అలారమ్స్ జాబితా తెరిచి 16 ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. పాయింట్లు వచ్చి అలారాలు రాకపోతే పైన గుట్టలదారి గారు చెప్పిన పద్ధతిలో చేత్తో పెట్టుకోవడమే, 16కు పావుగంట పని.

పీఓఐ లోడర్ వందల కొద్దీ పాయింట్లున్నవాళ్లకు. అందులో 'మాన్యువల్' మోడ్ తీసుకోవాలి, ఎక్స్‌ప్రెస్‌లో అలర్ట్ దూరం అడగదు. కొత్తగా ఎక్కిస్తే పాతవి చెరిగిపోతాయి కాబట్టి అన్ని ఫైళ్లూ ఒకే ఫోల్డర్లో పెట్టి ఒకేసారి ఎక్కించాలి.

అసలు గోతులు సీఎస్‌వీలో ఉంటాయి.

పీఓఐ లోడర్‌కు ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం, తర్వాత పేరు కావాలి. మనకు నోటికొచ్చే వరుస దీనికి తిరగబడి ఉంటుంది. తారుమారైతే మీ అమీన్‌పూర్ 78 డిగ్రీల ఉత్తరానికి పోయి ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది. అక్కడా పక్షులు బాగానే ఉంటాయి గానీ.

ఎక్సెల్ గడిలో రెండు దశాంశాలే కనపడేలా ఫార్మాట్ ఉంటే సీఎస్‌వీలోకి కనపడిందే పోతుంది, వెనకున్న పూర్తి అంకె పోదు. మన అక్షాంశం దగ్గర 0.01 డిగ్రీ అంటే దాదాపు 1.1 కి.మీ. ఐదు దశాంశాలు కనపడేలా పెట్టాకే సేవ్ చేయండి, అప్పుడు 1 మీటరు దాకా సరిపోతుంది. సేవ్ చేసిన ఫైలును ఎక్సెల్‌లో కాకుండా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూసుకోండి.

పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే, పొట్టిగా ఉండాలి. ఈ మెషీన్లలో తెలుగు ఫాంట్ లేదు, డబ్బాలు వస్తాయి. పీ1, పీ2 అని కాకుండా పీ01, పీ02 అని పెట్టండి. లేకపోతే పేర్ల వరుసలో పీ1 తర్వాత పీ10 వచ్చి కూర్చుంటుంది.

మినీ యూఎస్‌బీ కేబుల్ డేటా పోయేదై ఉండాలి. పాత స్పీకర్లతో వచ్చే చార్జింగ్ కేబుళ్లు అచ్చం అలాగే ఉంటాయి. కంప్యూటర్‌కు పెట్టినా డ్రైవ్ కనపడకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి.

గట్టుకొంగ:

చాలా థాంక్స్ అందరికీ. బేస్‌క్యాంప్ నుంచి ఎక్కించిన 14 సరిగ్గా చెరువు చుట్టూ పడ్డాయి. మిగిలిన రెండింటినీ రెండో 32ఎక్స్‌లో చేత్తో కొట్టాం. అవి మాత్రం మ్యాపులో తూప్రాన్ వైపు కనపడుతున్నాయి! అంకెలు మూడుసార్లు సరిచూశాం, ఎక్కడా తప్పు లేదు.

లెక్కలపంతులు:

అంకెలు సరైనవే, ఫార్మాట్ వేరు. ఆ రెండో మెషీన్ ఇంకా డిగ్రీలు-నిమిషాల ఫార్మాట్‌లో ఉంది, కంపెనీ నుంచి వచ్చేటప్పుడు ఉండేది అదే. ఉదాహరణకు 17.523 అన్నదాన్ని వరుసగా అంకెలు నింపితే అది 17 డిగ్రీల 52.3 నిమిషాలు అయింది, అంటే 17.872. ఉత్తరానికి దాదాపు 39 కి.మీ. జరిగింది. 78.332 కూడా అలాగే 78 డిగ్రీల 33.2 నిమిషాలై తూర్పుకు 23 కి.మీ. పోయింది. మొత్తం 45 కి.మీ. ఈశాన్యానికి. తూప్రాన్ చుట్టుపక్కలకే పడుతుంది మరి.

సెటప్‌లో ఫార్మాట్ మార్చినంత మాత్రాన ఆ రెండు పాయింట్లు వెనక్కి రావు, అదే తప్పు చోటును కొత్త ఫార్మాట్‌లో చూపిస్తుంది. ఫార్మాట్ మార్చాక ఆ పాయింట్లు తెరిచి అంకెలు మళ్లీ కొట్టాలి, లేదా చెరిపేసి కొత్తగా పెట్టాలి. అప్పుడు వాటి అలారాలు కూడా జాబితాలో ఉన్నాయో లేదో చూడండి.

తూముకాడ:

ఎఫ్‌టీఎల్ ముచ్చట ఎవరూ ముట్టుకోలే, నేను చెప్త.

ప్రాక్సిమిటీ అలారం అంటే ఒక చుక్క చుట్టూ గుండ్రటి వలయం. చెరువు హద్దు గుండ్రంగా ఉండదు కదా. గీత పొడుగునా వలయాలు గొలుసులాగ పేర్చాలె. 50 మీటర్ల వలయాలు 60 మీటర్లకొకటి పెడితే, రెండిటి నడుమ సన్నబడ్డ కాడ కూడా గీతకు 40 మీటర్ల దాక కాపు ఉంటది. 80 మీటర్లకొకటి పెడితే అక్కడ 30కి పడిపోతది. 3 కి.మీ. హద్దుకు 60 చొప్పున లెక్కేస్తే 50 వలయాలు. మీ 16 పాయింట్లతోని కలిస్తే అడుగడుగునా మోగుడే, ఏ బీప్ దేనిదో తెలువది. పక్షుల లెక్కకు పోయినప్పుడు ఇది వద్దు. పెట్టాలనుకుంటే వేరే మెషీన్‌ల పెట్టుర్రి.

ఇంకా అసలు సంగతి: దాన్ని హద్దు తేల్చెటానికి వాడొద్దు. 2012 బిల్డింగ్ రూల్స్, అంటే జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్, అంటే ఖాళీ జాగ, వదలాలె. చేతి జీపీఎస్ తప్పే 5 నుంచి 15 మీటర్లు. 9 మీటర్ల బఫర్‌ల ఉన్నమా బయట ఉన్నమా అని దీంతోని చెప్పుడు అయ్యే పని కాదు. అది డీజీపీఎస్, టోటల్ స్టేషన్ పట్టుకొచ్చే సర్వేయర్ పని. 'ఈడ హద్దు దగ్గర్ల ఉంది, జర చూసుకోని నడువు' అని యాది చేయనీకి మాత్రం పనికొస్తది.

హద్దు పాయింట్లు ఏ మ్యాపులకెళ్లి తీసుకున్నరో కూడా అడుగుర్రి. హైదరాబాద్ పాత టోపోషీట్లు 56కే వరుసవి, ఎవరెస్ట్ డేటమ్ మీద గీసినయి. వాటిమీది అక్షాంశ రేఖాంశాలు చదివి డబ్ల్యూజీఎస్ 84ల కొడితే వంద మీటర్ల పైన పక్కకు జరుగుతయి. అప్పుడు మీ 30 మీటర్ల వలయం పాయింటును అసలు తాకనే తాకది.

గట్టుకొంగ:

సరే, ఎఫ్‌టీఎల్ ఆలోచన పక్కన పెట్టేస్తున్నాం. 60సీఎస్‌ఎక్స్ మాత్రం యూఎస్‌బీ పెడితే జీపీఎక్స్ ఫోల్డరే చూపించట్లేదు.

గుట్టలదారి:

చూపించదు. అది పాత తరం మెషీన్. వేపాయింట్లు ఫైళ్లుగా పెట్టుకోదు, వాటిని బేస్‌క్యాంప్‌లోంచి 'పంపాలి', లేదా జీపీఎస్‌బేబెల్‌లో గార్మిన్ యూఎస్‌బీ పోర్టు ఎంచుకుని నేరుగా రాయాలి. డ్రైవ్‌లా తెరిచినా కనపడేది మెమరీ కార్డే, అందులో జీపీఎక్స్ కాపీ చేస్తే దానికి పట్టదు.

అలారానికి మెయిన్ మెనూలో 'ప్రాక్సిమిటీ' పేజీ ఉంటుంది. ఖాళీ వరుసలో వేపాయింటు, పక్కన వ్యాసార్థం నింపి, అలారం టిక్ పెట్టాలి. ఈ జాబితాకు పరిమితి తక్కువ, మీ 16 పట్టవు. 'ప్రాక్సిమిటీ మెమరీ ఫుల్' అని వస్తే మెషీన్ పాడైందనుకోకండి, చోటు అయిపోయిందంతే. వలయాలు ఒకదానిమీద ఒకటి పడితే కూడా ఇది ఓవర్‌ల్యాప్ అని మొరాయిస్తుంది. కాబట్టి 32ఎక్స్‌లు పట్టుకున్నవాళ్లకు పూర్తి చుట్టు ఇచ్చి, 60ని రాళ్ల మీది ఐదారు పాయింట్లకు పరిమితం చేయండి. ఆ పొడుచుకొచ్చిన యాంటెన్నా నిలువుగా, ఆకాశం వైపు ఉండాలి. పడుకోబెట్టి పట్టుకుంటే సిగ్నల్ తగ్గుతుంది.

వీలుంటే ఒక పని చేయండి. పాయింట్ల స్థానం గూగుల్ మ్యాపు చూసి తీసుకుని ఉంటే, మొదటిరోజు వెళ్లినప్పుడు 'వేపాయింట్ యావరేజింగ్'తో దిద్దుకోండి. గార్మిన్ మాన్యువల్ 4 నుంచి 8 శాంపిళ్లు, ఒక్కోదానికి మధ్య కనీసం 90 నిమిషాలు ఎడం ఇవ్వమంటుంది. అంత ఓపిక 16 పాయింట్లకూ ఎవరికీ ఉండదు. చెట్ల కింద, రాళ్ల పక్కన ఉన్న మూడు నాలుగింటికి, పొద్దున ఒకటి, తిరిగొచ్చేటప్పుడు ఒకటి తీసుకున్నా తేడా తెలుస్తుంది.

కామాపురుగు:

బ్యాటరీల మాట కూడా. మూడింటికీ రెండేసి ఏఏ సెల్స్. రీచార్జబుల్ వేస్తే సెటప్‌లో, సిస్టమ్‌లో బ్యాటరీ రకం ఎన్ఐఎంహెచ్ అని మార్చాలి. ఆల్కలైన్ అని ఉంటే, 1.2 వోల్టుల సెల్ సగం నిండుగా ఉండగానే 'లో బ్యాటరీ' అంటుంది. ఈట్రెక్స్‌ను యూఎస్‌బీకి పెడితే లోపలి సెల్స్ చార్జ్ కావు, బయట చార్జర్‌లో పెట్టాల్సిందే. తెర వెలుగు తగ్గించి 'బ్యాటరీ సేవ్' ఆన్ చేసినా తెరే ఆరుతుంది, అలారం మోగుతుంది.

ఒకవేళ నాలుగో మనిషికి మెషీన్ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఓరుక్స్‌మ్యాప్స్‌లో కూడా వేపాయింట్ అలారం ఉంది, అదే జీపీఎక్స్ ఎక్కించుకోవచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయకపోతే మాత్రం తెర ఆరిన పది నిమిషాలకో పావుగంటకో ఫోన్ దాన్ని నిద్రపుచ్చేస్తుంది, ఇక బీప్ రాదు.

గట్టుకొంగ:

రెండు పాయింట్లూ మళ్లీ కొట్టాక చెరువు దగ్గరికే వచ్చాయి. గట్టు మీదివాటికి 30, రాళ్లవాటికి 40, మెలిక దగ్గర రెండింటికి 20 పెట్టాం. టోన్స్ చూస్తే ఒక 32ఎక్స్‌లో నిజంగానే అన్నీ ఆఫ్‌లో ఉన్నాయి. ముందు ఇంటి దగ్గర పార్కులో రెండు పాయింట్లు పెట్టి ట్రయల్ వేయడం మంచిదా, నేరుగా చెరువుకే పోవచ్చా?

లెక్కలపంతులు:

పార్కులోనే ముందు వేయండి. పాయింటుకు 100 మీటర్ల దూరంలో మెషీన్ ఆన్ చేసి, శాటిలైట్లు పూర్తిగా దొరికేదాకా ఆగి, అప్పుడు నడవండి. వలయం లోపలే ఆన్ చేస్తే లోపలికి 'వచ్చినట్టు' దానికి తెలియకపోవచ్చు. మోగిన చోట దూరం ఎంత చూపిస్తుందో రాసుకోండి, రెండు దిక్కుల నుంచీ నడిచి చూడండి. 30 పెట్టినదానికి 25, 35 మధ్య మోగితే సరిగ్గా ఉన్నట్టే.